చిన్నవారి చేతిలోని దీపము: కౌంట్ జింజెండార్ఫ్ జీవిత చరిత్ర

క్రిస్మస్ దినములలో క్రైస్తవ గృహములయందు చిన్నవారి సందడియే సందడి. వాకిట నక్షత్రము కట్టుమని తొందరపెట్టువారు వారే. సండేస్కూలు కార్యక్రమములో కంఠత వాక్యములు అప్పగించువారు వారే. నాటికలో గొఱ్ఱెల కాపరులును తూర్పుదేశపు జ్ఞానులును వారే. పెద్దలు వారిని చూచి ముచ్చటపడుదురు. ముచ్చట తీరిన పిమ్మట వారిని నిద్రకు పంపి, పండుగ పనులలో మునిగిపోవుదురు. పసివాని విశ్వాసము ముచ్చటపడి విడిచిపెట్టదగినది కాదనియు, అది ఒక గృహమునకు, ఒక గ్రామమునకు, ఒక సంఘమునకు సైతము త్రోవ చూపగలదనియు తన జీవితకాలమంతయు నమ్మి, ఆ నమ్మికకొరకు శ్రమపడి, ఒకప్పుడు ఆ విషయములోనే దెబ్బతిని, మరల లేచిన భక్తుడొకడు కలడు. ఆయన జర్మనీ దేశస్థుడైన కౌంట్ నికొలాస్ లూడ్విగ్ వాన్ జింజెండార్ఫ్.

అమ్మమ్మ యింట

జింజెండార్ఫ్ 1700 మే 26న సాక్సనీ రాజధానియైన డ్రెస్డెన్ నగరమున గొప్ప వంశములో జన్మించెను. తండ్రి ఆ రాజాస్థానమున మంత్రి. బిడ్డ పుట్టిన ఆరు వారములకే ఆయన క్షయవ్యాధితో కన్నుమూసెను. 1704లో తల్లి ప్రష్యా సైన్యాధిపతి నొకనిని పునర్వివాహము చేసికొని బెర్లిన్‌కు వెళ్లెను. తండ్రి లేక, తల్లి దూరమై, నాలుగేండ్ల బాలుడు గ్రోస్ హెన్నెర్స్‌డార్ఫ్ అను పల్లెలోని కోటలో అమ్మమ్మ యొద్ద మిగిలెను.

ఆ అమ్మమ్మ పేరు హెన్రియెట్టా కాథరీనా వాన్ గెర్స్‌డార్ఫ్. ఆమె లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చిన విదుషీమణి. పరిశుద్ధ గ్రంథమును మూలభాషలలో చదువగలిగినది. ఆ కాలమున జర్మనీలో సంఘమును మేల్కొలుపుచుండిన భక్తి ఉద్యమమునకు నాయకులైన స్పెనెర్, ఫ్రాంకె ఆమెకు స్నేహితులు. స్పెనెర్ ఈ బాలుని జ్ఞానపితరులలో ఒకడు. అదే కోటలో బాలుని పినతల్లి హెన్రియెట్టా కూడ నివసించుచుండెను. ప్రతి రాత్రి ఆమె బాలునితో కలిసి ప్రార్థించెడిది. ఆ దినమున తాను చేసిన మంచిని, చెడును బాలుడు ఆమెకు దాచక చెప్పుకొనెడివాడు.

తోబుట్టువులు గాని తోటి పిల్లలు గాని లేని ఆ యింట బాలుడు యేసు ప్రభువునే తన స్నేహితునిగా ఎంచుకొనెను. చిన్న చిన్న కాగితములమీద ప్రభువునకు ఉత్తరములు వ్రాసి, ఆయన చదువుకొనునని నమ్మి, కిటికీలోనుండి బయటికి విసరెడివాడు. వినువారు లేనప్పుడు గదిలోని కుర్చీలను వరుసగా అమర్చి వాటికి ప్రసంగించెడివాడు. ఆ యింటివారు ఈ పనులను చూచి ఎగతాళి చేయలేదు. అతిథులను పిలిచి వింతగా చూపించుకొనలేదు. ఆ ఉత్తరములు ఉత్తరములుగానే కిటికీ దాటిపోయెను.

1706లో స్వీడన్ రాజైన పన్నెండవ చార్లెస్ సైన్యము సాక్సనీపైకి దండెత్తి వచ్చెను. సైనికులు కొందరు సామగ్రికొరకు ఆ కోటలో జొరబడిరి. వారు ప్రవేశించిన గదిలో ఆరేండ్ల బాలుడు తన నిత్య ప్రార్థనలో నుండెను. ఆయుధములతో వచ్చిన ఆ మనుష్యులు బాలుని మాటలు, ప్రార్థన విని నిశ్చేష్టులై నిలిచిరట. కోటను కాపాడుటకు ఆ బాలుడు తలపెట్టలేదు. ప్రతి దినము చేయు పనినే ఆ దినమున కూడ చేసెను.

ఎనిమిదవ యేట చీకటి రాత్రి

ఇంతటి బాలుని విశ్వాసము గాలి సోకని గదిలో వెలిగిన దీపము కాదు. అతని ఎనిమిదవ యేట ఒక రాత్రి, అమ్మమ్మ నిద్రించుటకు పూర్వము ఒక కీర్తన వినిపించెను. బాలుడు పడకమీద దానిని తలపోయసాగెను. ఆలోచన ఆలోచనను పుట్టించి, తుదకు దేవుడు అసలు ఉన్నాడా అను సందేహమువరకు అతనిని ఈడ్చుకొనిపోయెను. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. నాస్తికులు చెప్పు కఠినమైన వాదములు ఆ లేత మనస్సులో తమంతట తామే మొలచినవి. వాటికి అతని యొద్ద జవాబు లేదు. అయినను హృదయము రక్షకుని విడువలేదు. బుద్ధికి తోచిన ప్రశ్నలు బుద్ధిలోనే యుండవచ్చునుగాని, తాను ఎరిగిన ప్రభువును మాత్రము విడిచిపెట్టనని ఆ బాలుడు తీర్మానించుకొనెను. పెద్దవాడై, పండితులతో వాదించు కాలమున సైతము ఆయన ఈ రాత్రిని జ్ఞాపకము చేసికొనెడివాడు. పిల్లలకు సందేహములు ఉండవని తలంచు పెద్దలు ఈ సంగతిని గమనింపవలెను. పిల్లలకును రాత్రులున్నవి. ఆ రాత్రులను దాటి వచ్చిన విశ్వాసమే వారి విశ్వాసము.

హాలే పాఠశాలలో

1710లో, పదేండ్ల వయస్సున, బాలుని హాలే పట్టణములోని ఫ్రాంకె విద్యాసంస్థకు పంపిరి. గొప్పవంశపు బిడ్డడు గనుక గర్వమును అణచవలెనని పెద్దలు ముందుగనే హెచ్చరించి పంపుటచేత ఉపాధ్యాయులు కఠినముగా నుండిరి. బలహీన శరీరుడైన అతనిని తోటి విద్యార్థులు ఏడిపించిరి. అట్టి స్థలమున ఆ బాలుడు తనవంటి కొందరిని వెదకి, వారితో కలిసి మరుగైన చోట్ల ప్రార్థించుట మొదలుపెట్టెను. 1716లో పాఠశాల విడిచి వెళ్లునాటికి అట్టి ప్రార్థన కూటములు ఏడు ఏర్పడెను. వాటి జాబితాను ఆయన ఫ్రాంకె చేతికిచ్చి వెళ్లెను.

హాలేలో ఆయనకు దొరికిన మరియొక భాగ్యము మన దేశమునకు సంబంధించినది. 1706లో సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు యువకులు తమిళదేశపు సముద్రతీరమున నున్న తరంగంబాడికి, అనగా ట్రాంక్విబారుకు, చేరి సువార్త సేవ ప్రారంభించిరి. వారు వ్రాసిన వార్తలు హాలేకు చేరుచుండెను. ఫ్రాంకె భోజనపు బల్లయొద్ద కూర్చుండిన ఈ బాలుడు ఆ వార్తలు వినెను. తూర్పుదేశమునుండి తిరిగివచ్చిన మిషనెరీలను కన్నులార చూచెను. ఎవరును వెళ్లని చోటికి సువార్తను పంపవలెనని తన స్నేహితుడైన ఫ్రెడరిక్ వాన్ వాట్టెవిల్‌తో కలిసి అప్పుడే నిబంధన చేసికొనెను. అదే హాలేలో చదివిన బెంజమిన్ షుల్ట్జ్ తరువాతి కాలమున మద్రాసులో తెలుగు నేర్చి, క్రొత్త నిబంధనను తెలుగులోనికి అనువదించెను. 1740 దశకములో తెలుగు లిపితో చిన్న క్రైస్తవ పుస్తకములు హాలేలోనే అచ్చయ్యెను. ఆ విధముగా ఒక జర్మను బాలుని హృదయమును రగిల్చిన పొయ్యినుండియే తెలుగువారికిని ఒక నిప్పురవ్వ అందెను.

తండ్రికి వెలుగు చూపిన కుమార్తె

వంశమర్యాదనుబట్టి జింజెండార్ఫ్ విట్టెన్‌బర్గులో న్యాయశాస్త్రము చదివి, 1721లో డ్రెస్డెన్ ఆస్థానమున ఉద్యోగములో చేరెను. 1722లో అమ్మమ్మ యొద్దనుండి బెర్తెల్స్‌డార్ఫ్ అను జమీను కొని, ఎర్డ్‌ముత్ డొరొతియా అను భక్తురాలిని వివాహమాడెను. ఆ యేటనే మొరేవియా దేశమున విశ్వాసమునిమిత్తము హింసింపబడి పారిపోయి వచ్చిన కొన్ని కుటుంబములకు ఆ జమీనులో చోటు దొరకెను. జూన్ 17న క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి మొదటి చెట్టు నరికెను. అక్కడ లేచిన గ్రామమే హెర్న్‌హూట్. ప్రభువు కావలి అని దాని భావము.

పేరు ప్రభువుదే గాని, అయిదేండ్లు గడచునప్పటికి గ్రామము కలహములతో నిండెను. వేర్వేరు సంఘములనుండి వచ్చిన సుమారు మూడు వందలమంది ఆరాధన విషయమై, సిద్ధాంతముల విషయమై చీలిపోయిరి. ఆశ్రయమిచ్చిన కౌంటునే కొందరు దూషించిరి. ఆయన 1727లో ఆస్థానపు ఉద్యోగమును ప్రక్కనబెట్టి గ్రామమునకు వచ్చి, ఇంటింటికి తిరిగి, మే 12న అందరిచేతను ఒక సహోదర ఒడంబడికకు సమ్మతింపజేసెను. పెద్దలను సమాధానపరచుచునే, ఆయన పిల్లలకు స్వయముగా బోధింప పూనుకొనెను. ఆయన యొద్ద కూర్చున్న బాలికలు అణకువగలవారే, పాఠములు నేర్చినవారే. అయినను వారి హృదయములలో ప్రభువుతో పరిచయము కనబడలేదని ఆయన వేదనపడి, ఆ భారమును ప్రార్థనలో ప్రభువునకే అప్పగించెను.

ఆ గ్రామమున సూసన్నా క్యూనెల్ అను పదకొండేండ్ల బాలిక యుండెను. 1727 మే నెలలో ఆమె తల్లి మరణించెను. తల్లి కన్నుమూసినప్పుడు కనుపరచిన సంతోషము బిడ్డ మనస్సులో నాటుకొనెను. ఆగష్టు మొదటి వారమున ఆ బాలిక మూడు దినములు ఆహారముమీద కూడ దృష్టి లేక కన్నీటితో ప్రార్థించెను. ప్రక్క గదిలోని తండ్రికి ఆ రాత్రులు నిద్ర లేదు. ఒక అర్ధరాత్రివేళ గడచిన పిమ్మట ఆమె తండ్రిని పిలిచి, తాను ఇప్పుడు దేవుని బిడ్డనైతిననియు, తన తల్లి ఏ సంతోషముతో వెళ్లెనో ఇప్పుడు తనకు తెలిసెననియు చెప్పెను. భార్యను పోగొట్టుకొని నాలుగు నెలలైనను నిండని ఆ తండ్రికి ఓదార్పు బోధకుని నోట కాక, పదకొండేండ్ల కుమార్తె నోట వచ్చెను.

ఆ సంతోషము ఒక్క గదిలో నిలువలేదు. సూసన్నా తోటి బాలికలతో చెప్పెను; బాలికలనుండి బాలురకు ప్రాకెను. ఒక వారమునకు, ఆగష్టు 13న, బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమున ప్రభురాత్రి భోజనమునకు కూడివచ్చిన పెద్దలు ఒకరినొకరు క్షమించుకొని, కన్నీటితో ఒక్కటైరి. ఆ నెలాఖరున పిల్లలు రాత్రులయందు కూడి ప్రార్థించుచుండిరి. ఆగష్టు 27న ఇరువది నలుగురు పురుషులును ఇరువది నలుగురు స్త్రీలును గంటకొకరు చొప్పున రేయింబవళ్లు ప్రార్థించుటకు పూనుకొనిరి. ఆ ప్రార్థన గొలుసు నూరు సంవత్సరములకు పైగా తెగలేదు. పెద్దల సమాధానమునకు పిల్లలే కారణమని చెప్పుట సత్యమును మించుట యగును. కౌంటు శ్రమ, అనేకుల ప్రార్థనలు దాని వెనుక నున్నవి. అయినను తలుపు మొదట తెరచుకొనినది ఒక బాలిక గదిలోనని ఆ గ్రామస్థులు మరువలేదు. ఆ ప్రార్థనలలోనుండియే 1732లో ఇద్దరు సహోదరులు వెస్టిండీసు దీవులలోని బానిసలకు సువార్త ప్రకటింప బయలుదేరిరి. జింజెండార్ఫ్ జీవితాంతమునకు హెర్న్‌హూట్ వారు పంపిన సేవకులు రెండు వందలకు మించిరి.

పశువుల పాక ప్రక్క క్రిస్మస్

1736లో సాక్సనీ ప్రభుత్వము కౌంటును దేశమునుండి బహిష్కరించెను. ఆయన ఇంటినే యాత్రగా మార్చుకొనెను. 1741 డిసెంబరు 24న ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియా అడవులలో, సహోదరులు క్రొత్తగా వేసికొన్న స్థావరమున నుండెను. అక్కడ ఉన్నది దుంగలతో కట్టిన ఒక్క ఇల్లు. ఒక ప్రక్క మనుష్యులు, ఒక ప్రక్క పశువులు. ఆ రాత్రి ఆరాధన జరుగుచుండగా పశువుల కొట్టమును చూచిన వారందరి తలంపు దావీదు పట్టణమునకు పోయెను. జింజెండార్ఫ్ అందరిని ఆ పశువుల ప్రక్కకు తీసికొనిపోయి, బేత్లెహేమును స్మరించు కీర్తన నెత్తుకొనెను. ఆ స్థావరమునకు బేత్లెహేము అని పేరు పెట్టిరి. నేటికిని ఆ పట్టణపు పేరు అదే.

ఆ యాత్రలో ఆయనతో కుమార్తె బెనిగ్నా కూడ వచ్చెను. ఆ క్రిస్మస్ గడచిన కొద్ది దినములకు ఆమెకు పదునారేండ్లు నిండెను. గొప్పవంశపు కుమార్తె అడవిలో దుంగల ఇంట క్రిస్మస్ చేసికొని, ఊరకుండలేదు. 1742 మే నెలలో జర్మన్‌టౌన్ అను ఊరిలో ఇరువది అయిదుగురు బాలికలతో ఒక పాఠశాల తెరచెను. బాలికలకు చదువు అరుదైన ఆ కాలమున, అమెరికాలో బాలికలకొరకు ఏర్పడిన తొలి వసతి పాఠశాలలలో అది యొకటి. తరువాత బేత్లెహేమునకు తరలి అది పెద్ద విద్యాసంస్థగా ఎదిగెను. అమ్మమ్మ యింట ఒక బాలునికి దొరకిన ప్రేమ, అతని కుమార్తె చేతిమీదుగా పరదేశపు బాలికలకు చేరెను.

మారీన్‌బోర్న్ కొవ్వొత్తులు

బెనిగ్నా 1746లో యోహన్నెస్ వాన్ వాట్టెవిల్ అను సేవకుని వివాహమాడెను. మరుసటి యేట, 1747 క్రిస్మస్ ముందు రాత్రి, జర్మనీలోని మారీన్‌బోర్న్ అను చోట వాట్టెవిల్ పిల్లల ఆరాధన నడిపెను. రక్షకుడు మనుష్యుడై పుట్టి ప్రతి హృదయములో ప్రేమాగ్నిని రగుల్చుటకు వచ్చెనని బోధించి, తుదకు ఎఱ్ఱని పట్టీ చుట్టిన చిన్న కొవ్వొత్తిని వెలిగించి ప్రతి బిడ్డ చేతికిచ్చెను. ఎఱ్ఱని పట్టీ క్రీస్తు రక్తమునకు గురుతు. పిల్లలు వెలుగుచున్న కొవ్వొత్తులను పట్టుకొని చీకటిలో తమ గదులకు వెళ్లిరి. ఆరాధన స్థలమునందలి వెలుగు చిన్న చేతులలో ఇంటికి చేరెను.

నేడు అనేక దేశముల సంఘములలో క్రిస్మస్ కాలమున పిల్లలకు వెలిగించి ఇచ్చు దీపపు ఆరాధన ఆ రాత్రినుండియే పుట్టినది. నారింజపండు మొదలగునవి తరువాత చేరినవి. పందొమ్మిదవ శతాబ్దమున నీస్కీ అను ఊరిలోని మొరేవియన్ బాలుర పాఠశాలలో విద్యార్థులు కాగితముతో చేసిన నక్షత్రము కూడ క్రిస్మస్ ఇండ్లలోనికి ప్రవేశించెను. ఆ సంఘమున క్రిస్మస్ వెలుగు మాటిమాటికి పిల్లల చేతులలోనుండియే పెద్దల యిండ్లకు వచ్చినది.

తండ్రి పడిన దుఃఖము

ఇంత మంచి సంగతిలో కూడ అపాయము పొంచియుండెను. ఆ కాలముననే మారీన్‌బోర్న్ సమీపమున హెర్న్‌హాగ్ అను స్థావరమున యువకులు పసిపిల్లలవలె ఉండవలెనను మాటను విపరీతార్థమున తీసికొనిరి. వేడుకలు, అలంకారములు, పసిమాటలు పెరిగెను. ప్రభువు గాయములనుగూర్చి తూకములేని భాషతో పాటలు పుట్టెను. దీనిని ప్రోత్సహించినవారిలో కౌంటు కుమారుడు క్రిస్టియన్ రెనాటస్ ముఖ్యుడు. ఆ భాషకు విత్తనము తండ్రి ప్రసంగములలోనే యుండెను. 1749లో జింజెండార్ఫ్ మేల్కొని, కఠినమైన ఉత్తరమువ్రాసి, కుమారుని లండనుకు పిలిపించుకొనెను. కుమారుడు లోబడి, విరిగిన మనస్సుతో సేవచేసి, 1752 మే నెలలో క్షయతో మరణించెను. అప్పటికతనికి ఇరువది నాలుగేండ్లు.

కౌంటు దంపతులకు పండ్రెండుగురు బిడ్డలు పుట్టగా నలుగురే పెరిగి పెద్దవారైరి. ఆ నలుగురిలో ఒక్కడే కుమారుడు, అతడును పోయెను. పిల్లల విశ్వాసమును ఇంతగా ఎంచిన తండ్రికి ఇంతకంటె కష్టమైన పాఠము లేదు. బిడ్డవలె నమ్ముట వేరు, బిడ్డవలె ఆడుకొనుట వేరు. కిటికీలోనుండి ఉత్తరములు విసరిన ఆరేండ్ల బాలుడు ఎవరు చూచుచున్నారో ఎరుగడు. హెర్న్‌హాగ్ యువకులు తమ పసితనమును తామే చూచుకొని మురిసిపోయిరి. మొదటిది విశ్వాసము, రెండవది వేషము.

జింజెండార్ఫ్ 1755లో హెర్న్‌హూట్‌కు తిరిగివచ్చెను. మరుసటి యేట భార్య ఎర్డ్‌ముత్ ప్రభువునందు నిద్రించెను. 1760 మే 9న ఆయనయు తన ప్రభువును చేరుకొనెను. ఆయన బాల్యమున హాలే భోజనపు బల్లయొద్ద విన్న తరంగంబాడికి ఆ యేటనే మొరేవియన్ సహోదరులు చేరిరి. బాలుని నిబంధనను ప్రభువు మరువలేదు.

మన గృహములలో

ఈ చరిత్రయందు దేవుడు వాడుకొన్న పెద్దలు ఎవరు? ఎగతాళి చేయని అమ్మమ్మ. ప్రతి రాత్రి కూర్చుండి వినిన పినతల్లి. నిద్రమాని బిడ్డ పిలుపు నాలకించిన తండ్రి. వెలిగించిన కొవ్వొత్తిని భయపడక చిన్న చేతికిచ్చిన సేవకుడు. వీరు చేసినది చిన్న పని. బిడ్డ విశ్వాసమునకు చోటిచ్చిరి, అంతే.

ప్రియ చదువరులారా, ఈ క్రిస్మస్ దినములలో మన కుటుంబ ప్రార్థనయందు బిడ్డ వంతు వచ్చినప్పుడు తొందరపెట్టి ముగించకుందము. తప్పులతో ప్రార్థించినను నవ్వకుందము; చక్కగా ప్రార్థించినను బంధువుల యెదుట ప్రదర్శింపకుందము. దేవుడు నిజముగా ఉన్నాడా అని వాడు అడిగినచో గద్దింపక, ఎనిమిదేండ్ల బాలుని ఆ నిద్రలేని రాత్రిని తలంచి, ప్రక్కన కూర్చుందము. వైరముతో విడిపోయిన అన్నదమ్ముల యింటికి పండుగ పిండివంటలు పట్టుకొని వెళ్లుదమని బిడ్డ అడిగినచో, ఆ మాటను చిన్నపిల్లల మాటయని త్రోసివేయకుందము. ఒకవేళ ప్రభువు ఆ సంవత్సరమున మన యింటికి పంపిన సందేశము అదియే కావచ్చును.

లోకరక్షకుడు బేత్లెహేమునకు రాజుగా రాలేదు, బోధకుడుగా రాలేదు; పొత్తిగుడ్డలలో చుట్టబడిన శిశువుగా వచ్చెను. శిష్యులు తమలో గొప్పవాడెవడని వాదించినప్పుడు ఆయన ఒక చిన్నబిడ్డను పిలిచి వారి మధ్య నిలువబెట్టెను. ఆ బిడ్డ నేడు మన యింటిలో, మన ప్రక్కనే నిలిచియున్నాడు. వాని చేతిలోని దీపమును మన గాలితో ఆర్పకుందము. దాని వెలుగులో మనమును శిశువైన ప్రభువును చూచుటకు వెళ్లుదము.